మళ్ళీ ఒకసారి చెప్పు: ఆడిషన్‌కి వెళ్ళేవాళ్ళ కోసం

పోయిన సంవత్సరం మన కాలేజీ తెలుగు నాటిక ఆడిషన్‌లో స్టేజీ ఎక్కి నేను చెప్పిన మొదటి డైలాగు ఇది: "అన్నా, ఒక్క నిమిషం, ఫోన్ లాక్ పడింది." అది స్క్రిప్టులో లేదు.

సీను ముందురోజే వాట్సాప్‌లో పంపారు, తెలుగు లిపిలో. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి వరకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. తెలుగు చదవడం మానేసి అప్పటికి మూడేళ్ళు. అందుకని డైలాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని ఫోన్‌లో పెట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి స్క్రీన్ ఆరిపోయింది. చెమట వేలికి అది తెరుచుకోలేదు. ఒక సీనియర్ అన్న జాలిపడి కాగితం ఇచ్చాడు. దాన్ని నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. హాలు వెనకాల ఎవరో నవ్వారు కూడా.

వేషం రాలేదు. ప్రాంప్టింగ్ ఇచ్చారు. తెలుగు చదవడం రానివాడికి ప్రాంప్టింగ్ ఏమిటని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. రోజూ రిహార్సల్లో పైకి చదివితే అదే వస్తుందిలే అని ఇచ్చారట. వచ్చింది.

ఈ సంవత్సరం అదే సెమినార్ హాల్లో బెంచీకి అవతలి వైపు, ఎంపిక చేసే సీనియర్ల పక్కన, పేర్లు రాసుకోవడానికి కూర్చున్నాను. రెండు సాయంత్రాల్లో 43 మంది వచ్చారు. వేషాలు ఐదు. ఇటువైపు కూర్చుంటే కనిపించేవి అటువైపు నిలబడ్డప్పుడు నాకు అసలు తట్టలేదు. వచ్చే ఏడాది వచ్చే జూనియర్లకి అవి చెప్పడానికే ఈ వ్యాసం.

యూట్యూబ్‌లో ఆడిషన్ టిప్స్ అని కొడితే బోలెడు వస్తాయి. నవ్వుతూ లోపలికి రా, కళ్ళలోకి చూడు, ధైర్యంగా పేరు చెప్పు. నేను అవన్నీ చూసుకునే వెళ్ళాను. తప్పు సలహాలు కావు. కాకపోతే పేరు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. తర్వాత తెలుగులో నటించాలి. అక్కడికి ఆ వీడియోలు మన వెంట రావు.

మనకి ఆడిషన్ అనే పద్ధతి కొత్తదే. సురభి వాళ్ళని చూడండి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో వనారస గోవిందరావు గారితో కీచక వధ నాటకం ఆడి మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు మాటలు రాకముందే స్టేజీ ఎక్కుతారు. తల్లి ద్రౌపది అయితే చంకలో బిడ్డకి కూడా ఏదో ఒక వేషం దొరుకుతుంది. వాళ్ళకి ఎంపిక ఎందుకు? మన చిత్తూరు, తిరుపతి వైపు ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగే ఊళ్ళలో కూడా అంతే. పగలు హరికథ, రాత్రి నాటకం, ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖర్న నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. అర్జునుడు ఎవరో, కీచకుడు ఎవరో జనానికి ముందే తెలుసు. ఏళ్ళ తరబడి చూసి చూసి, వెనకాల నిలబడి వంత పాడి పాడి వేషంలోకి వచ్చినవాళ్ళు. అంటే అక్కడ ఆడిషన్ లేదని కాదు, అది పదేళ్ళపాటు నెమ్మదిగా నడుస్తుంది. మనకి దొరికేది మూడు నిమిషాలు. పదేళ్ళలో వాళ్ళు చూసేదాన్ని ఈ బెంచీ మూడు నిమిషాల్లో వెతకాలి.

స్థానం నరసింహారావు గారి సంగతి మా సీనియర్లు ప్రతి ఏడూ చెబుతారు. 1921లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషం వేసే నటుడు రాకపోతే ఆయన ఆ వేషం కట్టారు. ఆ తర్వాత తెలుగు నాటకంలో ఆడ వేషమంటే ఆయనే అన్నంత పేరు. దీన్ని అదృష్టం కథలాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. ఆ వేషగాడు రాని రాత్రి ఆ హాల్లో ఇంకా చాలామంది ఉండి ఉంటారు కదా, వాళ్ళలో ఎంతమంది వెంటనే లేచి ఆ వేషం మోయగలిగి ఉంటారు?

ఇక మన హాల్లోకి వద్దాం.

ఈసారి ఇచ్చిన సీను మా సీనియర్లు రాసింది. కొడుకు రోజూ లోకల్ ట్రైన్లో చెన్నై వెళ్ళి పని చేసి వస్తుంటాడు. ఆ రోజు ఉద్యోగం పోయింది. రాత్రి ఆఖరి బండికి దిగి ఇంటికొచ్చాడు. తలుపు కొట్టి ఇలా అంటాడు:

"తలుపు తియ్యి నాన్నా. నేనే. బండి లేటయింది. అన్నం వద్దులే, తినే వచ్చాను. నువ్వు పడుకో."

అంతే. అమ్మాయిలకి కొడుకు బదులు కూతురు. సూళ్లూరుపేటలో ఉన్నవాళ్ళకి ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. చెన్నై లోకల్ బండ్లు మన స్టేషన్ దాకా వస్తాయి, సుమారు 80 కిలోమీటర్లు. చీకటి ఉండగా వెళ్ళి చీకటి పడ్డాక దిగేవాళ్ళు మనందరి ఇళ్ళ చుట్టుపక్కలే ఉన్నారు. అయినా 43 మందిలో ముప్పై మంది పైగా ఒకే పని చేశారు. ఉద్యోగం పోయింది అని పైన రాసి ఉంది కాబట్టి ఏడ్చారు. "తలుపు తియ్యి" దగ్గరే గొంతు వణికింది. "నువ్వు పడుకో" దగ్గరికి వచ్చేసరికి వెక్కిళ్ళు. ఒకబ్బాయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు, అదీ తలుపు బయట, వీధిలో.

వాళ్ళు చెడ్డ నటులు కాదు. సీనుని ఎగ్జామ్ పేపర్‌లా చదివారు. దుఃఖం అని ఉంది, దుఃఖం చూపిద్దాం అని. కానీ ఆ కొడుకు చేస్తున్న పని ఏమిటి? దాచిపెడుతున్నాడు. నాన్న లైటు వేసి మొహం చూడకముందే గదిలోకి పోవాలి. మైకేల్ షర్ట్‌లెఫ్ అనే అమెరికన్ కాస్టింగ్ డైరెక్టర్ 1978లో ఆడిషన్ మీద ఒక పుస్తకం రాశాడు. ఈ పాత్ర దేనికోసం పోరాడుతోంది అని అడుక్కోమంటాడు అందులో. స్టానిస్లావ్‌స్కీ అంతకు చాలా ముందే, పాత్ర ఎవరు, ఎక్కడుంది, ఏ పొద్దు, ఎందుకొచ్చింది అనేవి తేల్చుకోకుండా నోరు తెరవొద్దన్నాడు. పెద్ద పేర్లు వినగానే భయపడకండి, విషయం చిన్నదే. కాగితం చేతికి రాగానే డైలాగు బట్టీ పట్టే ముందు ఒక్క మాట పెన్సిల్‌తో పైన రాసుకోండి: వీడికి ఇప్పుడు ఏం కావాలి? "లైటు వేయకుండా ఉండాలి" అని రాసుకున్నవాడు ఏడవడు. మామూలుగా మాట్లాడాలని ప్రయత్నిస్తాడు, అది చేతకాదు. చూసేవాళ్ళకి గొంతులో ఏదో అడ్డం పడేది అక్కడ.

అన్నం మాట చూడండి. "తినే వచ్చాను" అంటున్నాడు. తిన్నాడా? కాగితంలో లేదు. తినలేదని నిర్ణయించుకుని చెప్పినవాళ్ళు ఇద్దరే కనిపించారు నాకు. అలా చెప్పినప్పుడు ఆ ఒక్క మాట ముందు చిన్న ఆలస్యం వచ్చింది, అబద్ధం వెతుక్కునేంత సేపు. బెంచీ మీద ముగ్గురూ ఒకేసారి కాగితం నుంచి తల ఎత్తారు.

ఇప్పుడు ఇంగ్లీషు వీడియోల్లో దొరకని సంగతి. మన భాషలో వాక్యం బరువంతా చివర ఉంటుంది. క్రియ చివర, కాదనడం చివర, ప్రశ్న చివర. "నేను నిన్న ఆఫీసులో ఆ మాట మేనేజరుతో..." ఇంతవరకు విన్నవాడికి ఏమీ తెలియదు. చెప్పానా, చెప్పలేదా, చెప్పాల్సింది కాదా, చెప్పమంటావా, అంతా ఆ ఆఖరి రెండు మూడు అక్షరాల్లో ఉంది. వచ్చాను అన్నదానికి, వచ్చానా అన్నదానికి తేడా ఒక్క అచ్చు. ఇంగ్లీషులో అయితే "నాట్" అనేది ముందే పడిపోతుంది, వాక్యం చివర గొంతు తగ్గినా అర్థం చేరిపోతుంది. పన్నెండేళ్ళు ఇంగ్లీషు పాఠాలు పైకి చదివిన మనకి అదే అలవాటు, మొదట్లో గట్టిగా, చివర్లో మింగేసి. తెలుగు డైలాగుని అలా చెబితే మూడో వరసలో కూర్చున్నవాళ్ళకి వాక్యంలో సగమే చేరుతుంది, అదీ అక్కర్లేని సగం.

నేను రాసుకున్న కాగితాల్లో ఎక్కువసార్లు పడిన మాట "చివర వినపడలేదు". గొంతు చిన్నదని కాదు. ఊపిరి అయిపోతోంది. భయంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, శ్వాస పైపైన ఆడుతుంది, నోరు ఎండుతుంది, మాట స్పీడు పెరుగుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి గాలి ఉండదు. దీనికి ప్రాంప్టింగ్ రోజుల్లో నేను నేర్చుకున్న మందు ఒకటుంది. డైలాగుని వెనక నుంచి ప్రాక్టీస్ చేయండి. ముందు "పడుకో" ఒక్కటే, హాలు చివరికి వినపడేలా, కానీ అరవకుండా. తర్వాత "నువ్వు పడుకో". తర్వాత "తినే వచ్చాను. నువ్వు పడుకో". ఇలా వెనక్కి వెళితే చివరి మాట బాగా అరిగిన దారి అవుతుంది, ఊపిరి దానికోసం మిగులుతుంది. ఫ్రెండ్‌ని ఆఖరి వరసలో కూర్చోబెట్టి, ప్రతి వాక్యంలో చివరి మాట మాత్రమే కాగితం మీద రాయమనండి. రాయలేకపోయినవి ఎన్నో చూసుకోండి. నా మొదటి ప్రయత్నంలో పది వాక్యాలకి నాలుగు ఖాళీలు.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కల వేరు, కళ వేరు. పెళ్ళి అనే బదులు పెల్లి అంటాం మనలో చాలామంది. ఒత్తులు ఎగిరిపోతాయి, భయం బయం అవుతుంది. ఊళ్ళో మాట్లాడుకునేటప్పుడు బయం అంటే తప్పేమీ లేదు, అలా మాట్లాడే పాత్రకి అదే కరెక్టు. కానీ పాత్ర కోసం అలా అంటున్నారా, వేరేలా అనడం రాక అంటున్నారా అనేది బెంచీకి తెలిసిపోతుంది. రోజూ పది నిమిషాలు పేపరులో ఎడిటోరియల్ పైకి చదవండి. బోరు కొడుతుంది, నిజమే. నెల రోజుల్లో నాలుక తిరుగుతుంది. ఇంకో మాట, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవద్దు. అందులో ల, ళ ఒకటే, న, ణ ఒకటే, దీర్ఘం ఉందో లేదో మనకే తెలియదు. నేను ఫోన్‌లో రాసుకున్న "వాడు" మర్నాడు నాకే "వడు"లా కనపడింది. కాగితం మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో చేత్తో రాసుకోండి. చేత్తో రాస్తే సగం కంఠతా వచ్చేస్తుంది కూడా.

సీను వాళ్ళే ఇవ్వకుండా "మీకు నచ్చింది చేసి చూపించండి" అన్నప్పుడు ఏం ఎంచుకోవాలి? దుర్యోధనుడిని వదిలేయండి. దాన వీర శూర కర్ణ 1977లో వచ్చింది, అప్పటికి మన అమ్మానాన్నల్లో చాలామంది పుట్టి కూడా ఉండరు, అయినా ఇప్పటికీ ఆడిషన్‌కి వచ్చే అబ్బాయిల్లో నలుగురికి ఒకరు ఆ సభ డైలాగే చెబుతారు. తప్పుల్లేకుండా చెబుతారు. కానీ అక్కడ కనపడేది ఎన్టీఆర్. ఆ విరుపు, ఆ చెయ్యి, ఆ మెడ తిప్పడం అన్నీ ఆయనవే. కాపీ ఎంత బాగుంటే మీరు అంత తక్కువ కనపడతారు. మిమిక్రీ పోటీకి అది పనికొస్తుంది.

పద్యం వచ్చినవాళ్ళు పాడండి, తప్పకుండా. మన దగ్గర ఇంకా పద్యం చెవిలో ఉన్న ఇళ్ళు ఉన్నాయి. పాండవోద్యోగ విజయాలు కంఠతా వచ్చిన తాతలు ఉన్నారు. కాకపోతే రాగం కోసం అర్థం వదిలేయకండి. బళ్ళారి రాఘవ (1880–1946) లాయరుగా పని చేస్తూ నాటకాలాడినవాడు. జనం రాగాలాపన కోసం ఎగబడే రోజుల్లో ఆయన భావానికి పెద్దపీట వేసి పేరు తెచ్చుకున్నాడు. పద్యం ఎవరితో చెబుతున్నారు, ఏం కావాలని చెబుతున్నారు అనేది వచన డైలాగుకి ఎంత అవసరమో దానికీ అంతే.

కన్యాశుల్కం నుంచి గిరీశం చేస్తానని చాలామంది వస్తారు. మంచిదే. 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడిన నాటకం, వాడుక భాష, నోటికి పట్టుకుంటుంది. పైగా గిరీశం తెలుగులో ఇంగ్లీషు కలిపి కొట్టే మనిషి, మనకి దగ్గర బంధువు. అసలు అందులోనే ఒక ఆడిషన్ ఉంది, గమనించారా? వెంకటేశం తల్లి వెంకమ్మ ఇంగ్లీషు మాట్లాడి చూపించమంటే గురుశిష్యులిద్దరూ పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆవిడ మురిసిపోతుంది. ఇంప్రెషన్ కొట్టడం అంటే మనలో చాలామందికి ఇదే అనుకుంటాను. వినేవాళ్ళకి ఇంగ్లీషు రానంతవరకు అది చెల్లుతుంది. బెంచీ మీద ఉన్నవాళ్ళకి ఆ ఇంగ్లీషు వచ్చు.

నన్నడిగితే కథల్లో వెతకమంటాను. నామిని సుబ్రమణ్యం నాయుడు మిట్టూరోడి కతలు, సినబ్బ కతలు తీసి చూడండి. మన పక్క మాట, ఒక మనిషి కూర్చుని మనతో చెబుతున్నట్టు ఉంటుంది. ఒకటిన్నర నిమిషం ముక్క కత్తిరించుకుంటే అదే మంచి సోలో. మీ వయసుకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. పంతొమ్మిదేళ్ళకి డెబ్బై ఏళ్ళ ముసలాయన వేషం కట్టి దగ్గడం, నడుం వంచడం చూపిస్తే దగ్గు, నడుమే మిగులుతాయి.

యాస మాట వచ్చింది కాబట్టి, ఈసారి నాకు గుర్తుండిపోయిన అమ్మాయి సంగతి చెప్పాలి. ఫస్ట్ ఇయర్. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. లోపలికి వచ్చినప్పుడు ఎవరి వంకా చూడలేదు. కాన్ఫిడెన్స్ వీడియోల ప్రకారం అయితే అక్కడే ఫెయిల్. డైలాగు చెప్పింది, సినిమాలో విన్న కోస్తా తెలుగులో, టీవీ యాంకర్ లాగా. బాగాలేదు. నేను పేరు పక్కన గీత కూడా పెట్టేశాను.

డైరెక్ట్ చేసే అక్క అడిగింది, "మళ్ళీ ఒకసారి చెప్పు. ఈసారి నాన్న కాదు, మీ అవ్వ తలుపు తీస్తుందనుకో. వీధంతా పడుకుని ఉన్నారు."

ఆ అమ్మాయి కాగితం కిందికి దించింది. కొంచెం సేపు ఊరికే నిలబడింది. తర్వాత తలుపు దగ్గరగా మొహం పెట్టినట్టు ముందుకి వంగి, గొంతు తగ్గించి అంది: "అవ్వా, నేనేలే. వాకిలి తియ్యి. బండి లేటయిపోయింది. కూడు వద్దులే, తినే వచ్చినా. నువ్వు పండుకో."

మాటలు మార్చేసింది. ఎవరూ మార్చమనలేదు, ఒప్పుకుంటారో లేదో తెలియదు. అవ్వతో నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడరు కాబట్టి మారిపోయాయి. గొంతు తగ్గించినా "పండుకో" ఆఖరి వరస దాకా వినిపించింది. ఆమెకి వేషం వచ్చింది. అంతకన్నా పెద్ద సంగతి, నాటికలో ఆ పాత్ర మాటలన్నీ మన పక్క యాసలోకి తిరగరాశారు. అప్పటిదాకా మా స్క్రిప్టులో సూళ్లూరుపేట కొడుకు విజయవాడ తెలుగు మాట్లాడేవాడు. అదెవరికీ వింతగా తోచలేదు. మా ఇంట్లో మా అమ్మ కూడా కూడు, పండుకో అనే అంటుంది. స్టేజీ మీద ఆ మాటలు వినిపించొచ్చని నాకు ఆ సాయంత్రం వరకు తెలియదు.

ఈ "మళ్ళీ ఒకసారి చెప్పు" దగ్గరే ఎక్కువమంది పోతారు. పద్య నాటకంలో జనం "వన్స్ మోర్" అని కేకేస్తే నటుడు అదే పద్యాన్ని అదే రాగంలో ఇంకోసారి పాడతాడు, ఇంకా గట్టిగా. మనకి ఆ మాట వినగానే అదే గుర్తొస్తుంది. ఆడిషన్‌లో దాని అర్థం పూర్తిగా వేరు. వేరేలా చెప్పగలవా చూద్దాం అని. మీరు బాగా చెప్పలేదని కూడా కాదు, బాగా చెప్పినవాళ్ళనే ఎక్కువగా మళ్ళీ అడుగుతారు. ఎందుకంటే ముందున్నది నలభై రోజుల రిహార్సల్. రోజుకి పదిసార్లు "అలా కాదు, ఇలా" అంటారు. ఇంట్లో తయారు చేసుకున్న ఒక్క పద్ధతిలో తప్ప చెప్పలేని మనిషితో నలభై రోజులు ఎలా గడపాలి? ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కూడా ముందు ఆడిషన్ పెట్టి, అందులో మిగిలినవాళ్ళని పిలిపించి కొన్ని రోజుల వర్క్‌షాప్ చేయించి గాని సీటు ఇవ్వదు. కలిసి పని చేయించి చూస్తారన్నమాట. మనకి వర్క్‌షాప్ లేదు కాబట్టి ఆ ఒక్క "మళ్ళీ"లో చూసుకోవాలి.

అందుకే అడిగినప్పుడు "సరే అక్కా" అని వెంటనే మొదలెట్టేయకండి. చెప్పింది అర్థమైందా లేదా చూసుకోండి. అర్థం కాకపోతే అడగండి, అడిగితే మార్కులు పోవు. ఒక ఊపిరి తీసుకుని, చెప్పిన ఒక్క మార్పు మాత్రం చేయండి. మార్పు సరిగ్గా రాకపోయినా పర్లేదు. ప్రయత్నం ఎటు పోయిందో కనపడుతుంది. "నేను ఇలాగే ప్రాక్టీస్ చేశానన్నా" అని ఒకబ్బాయి అన్నాడు. 43 మందిలో గొంతు అతనిదే అన్నిటికన్నా బాగుంది. తీసుకోలేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ గారు ఎన్టీఆర్‌కి రాచమల్లుని దౌత్యం నాటకంలో నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తీయమంటే ఆయన తీయలేదు. మీసంతోనే ఆడారు, మీసాల నాగమ్మ అని పేరు పడింది. దీన్ని పట్టుకుని నేనూ అలాగే ఉంటానంటే కష్టం. కాకపోతే మీకు నిజంగా కుదరని సంగతి ఏదైనా ఉంటే, గెడ్డం తీయలేకపోవడం, రాత్రి ఏడు దాటితే బస్సు లేకపోవడం, మిడ్స్ వారంలో రాలేకపోవడం, ఆడిషన్ రోజే చెప్పేయండి. వేషం వచ్చాక చెబితే దెబ్బ మీ ఒక్కరికే తగలదు. బస్సు సంగతి ముందే చెప్పిన ఇద్దరికి మేం రిహార్సల్ టైము జరిపాం. దాచిన ఒకరి వల్ల పోయినేడు ఒక సీనే ఎత్తేయాల్సి వచ్చింది.

మీ వంతు కానప్పుడు కూడా మిమ్మల్ని చూస్తుంటారు. వేరేవాళ్ళు చెబుతుంటే రీల్స్ చూస్తున్నవాళ్ళు, పక్కవాడు తడబడితే నవ్వేవాళ్ళు ఇటు నుంచి చాలా స్పష్టంగా కనపడతారు. ఎదుటి పాత్రకి డైలాగు అందించడానికి ఒకరు కావాలి అంటే లేచి వచ్చి, తన వేషం కాకపోయినా జాగ్రత్తగా చదివిన ఒకతనికి చివర్లో స్టేషన్ మాస్టర్ వేషం దొరికింది. అతను దానికి ఆడిషన్ కూడా ఇవ్వలేదు. నేను పోయినేడు నవ్వులపాలైనవాణ్ణి, ఈ విషయంలో కొంచెం పక్షపాతం ఉంటే ఉండొచ్చు.

అన్నీ సరిగ్గా చేసినా వేషం రాకపోవచ్చు. ఇది రాయకపోతే పైన రాసినదంతా అబద్ధం అవుతుంది. నా రూమ్మేట్ ఈసారి కొడుకు వేషానికి వచ్చాడు. నేను చూసిన నలభై ముగ్గురిలో మొదటి ముగ్గురిలో ఉంటాడు. "మళ్ళీ" అన్నప్పుడు మార్చి చెప్పాడు. చివరి మాట వినిపించింది. తీసుకోలేదు, ఎందుకంటే తండ్రి వేషానికి ముందే ఖరారైన అన్న కన్నా వీడు ఒక జానెడు పొడుగు, పక్కపక్కన నిలబడితే వీడే తండ్రిలా ఉన్నాడు. అంతే కారణం. నేను ఆ మీటింగులో ఉన్నాను, నోరు తెరవలేదు, తెరిచినా ఎత్తు తగ్గదు. వాడు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు రాత్రి లైటు తీసేశాక అడిగాడు, "నిజం చెప్పు, బాగా చేశానా?" చేశావు అన్నాను. "మరి?" అన్నాడు. ఎత్తు సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ముందే చెప్పొచ్చు కదరా, నా యాక్టింగ్ బాలేదేమో అనుకుని చస్తున్నా" అన్నాడు.

కాబట్టి రాకపోతే వెళ్ళి అడగండి. లిస్టు పెట్టిన రోజు కాదు, రెండు రోజులాగి, ఒక్కరే వెళ్ళి, "అక్కా, నేనెక్కడ మార్చుకోవాలి" అని. ఎందుకు తీసుకోలేదు అని అడిగితే ఎవరైనా సర్దిచెప్పి పంపేస్తారు. నా వరకు, నాకు చెప్పిన జవాబు "నీకు తెలుగు చదవడం రాదు" అని. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ అది సరిచేసుకోదగిన జవాబు. ఈసారి అడిగినవాళ్ళు ఆరుగురు. వాళ్ళ కోసం నేను కాగితాల మీద రాసుకున్నవి తీసి చూపించాను. అందులో నలుగురివి "చివర వినపడలేదు" అనే.

రూమ్మేట్ ఇప్పుడు లైటింగ్ చూస్తున్నాడు. నిచ్చెన అక్కర్లేదని వాళ్ళకి సంతోషం. నాటికలో నాన్న లైటు వేసే స్విచ్చి వాడి చేతిలోనే ఉంది. "నువ్వు పండుకో" అన్నాక ఎన్ని సెకన్లు ఆగి వేయాలి అని రోజూ ఆ అమ్మాయితో తగువు పడుతున్నాడు.